ఎలక్ట్రాన్ నిజంగా ఉందా, ఉందనుకుంటే లెక్క కుదురుతుందా?

నల్లబల్ల

పన్నెండేళ్లుగా రసాయన శాస్త్రం చెబుతున్నాను. మొన్న పరమాణు నిర్మాణం పాఠంలో బోర్ వలయాలు చెరిపేసి వాటి చోట ఆర్బిటాళ్లు గీస్తుంటే, వెనక వరుసలో కూర్చునే అమ్మాయి లేచి అడిగింది: "సార్, పోయినేడు ఎలక్ట్రాన్లు వలయాల్లో తిరుగుతాయన్నారు. ఇప్పుడు తిరగవు, మబ్బులా పరుచుకుని ఉంటాయంటున్నారు. వచ్చే ఏడు ఇది కూడా కాదంటారా? అసలు లోపల ఏమైనా ఉందా, ఉందనుకుంటే లెక్క కుదురుతుందని చెబుతున్నారా?"

గంట కొట్టేశారు. రేపు చెబుతానన్నాను. నాలుగు రోజులైంది, ఇంకా చెప్పలేదు. నాకే తేలలేదు.

ఇది పాత తగువే. ఎలక్ట్రాన్లు, క్వార్కులు, జన్యువులు ఇలా కంటికి ఆననివాటి గురించి బాగా నిలదొక్కుకున్న సిద్ధాంతాలు చెప్పేది దాదాపు నిజమేననీ, మనం తలచుకున్నా తలచుకోకపోయినా అవి ఉన్నాయనీ అనేదే శాస్త్రీయ వాస్తవికవాదం. నా మొగ్గు అటే. తత్వవేత్త హిలరీ పట్నం 1975లో అన్న మాట నాకు పెద్ద ఆధారం. సిద్ధాంతాలు నిజానికి దగ్గరగా లేకపోతే, విజ్ఞాన శాస్త్రం ఇంతగా ఫలించడాన్ని అద్భుతమనే అనుకోవాల్సి వస్తుందన్నాడు. మెండెలీవ్ 1871లో, అప్పటికి ఎవరూ చూడని ఒక మూలకానికి సాంద్రత 5.9 ఉంటుందని రాశాడు. 1875లో గాలియం దొరికింది. దాన్ని కనిపెట్టిన లకోక్ సాంద్రత 4.7 అని కొలిచాడు. మెండెలీవ్ మళ్లీ కొలవమన్నాడు. శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది. వెనక నిజమైన అమరిక ఏదీ లేకుండానే ఇది జరిగిందంటే నాకు మింగుడుపడదు.

అయితే ఆ అమ్మాయికి ఇది జవాబు కాదు. ఆమె అడిగింది బోర్ వలయాల గురించి. అవి కూడా ఫలించినవే కదా. మీరేమంటారు?

సందేహి

నల్లబల్ల గారూ, "ఉందనుకుంటే లెక్క కుదురుతుందా" అన్న మాటకు 1543 నాటి పూర్వీకుడు ఒకడున్నాడు. కోపర్నికస్ పుస్తకం అచ్చవుతున్నప్పుడు ఆ పని చూసిన ఓసియాండర్ సంతకం లేని ముందుమాట ఒకటి చేర్చాడు. ఇందులోని పరికల్పనలు నిజం కానక్కర్లేదు, పరిశీలనలతో సరిపోయే లెక్క ఇస్తే చాలు అని అందులో రాశాడు. చాలామంది అది కోపర్నికస్ మాటే అనుకున్నారు. రాసిందెవరో కెప్లర్ 1609లో బయటపెట్టాడు. భూమి తిరగడం నిజమే అయింది కాబట్టి ఓసియాండర్ వైఖరి అక్కడితో చచ్చిపోయిందని చాలామంది నమ్మకం. నాకు అలా అనిపించదు.

తత్వవేత్త బాస్ వాన్ ఫ్రాసెన్ 1980లో ఆ వైఖరిని చాలా జాగ్రత్తగా మళ్లీ నిలబెట్టాడు. సిద్ధాంతాన్ని స్వీకరించడం వేరు, నమ్మడం వేరు అంటాడు. కంటికి ఆనేవాటి గురించి అది చెప్పేదంతా సరిగ్గా ఉందని నమ్మితే సిద్ధాంతాన్ని స్వీకరించినట్టే. కంటికి ఆననివాటి దగ్గర తీర్పు ఆపుకోవచ్చు. ఎలక్ట్రాన్ లేదని ఆయన అనడం లేదు. ఉండొచ్చు. ఉందని ఒట్టు వేయాల్సిన అవసరం శాస్త్రానికి లేదంటాడు, అంతే.

పట్నం అద్భుతానికి ఆయన ఇచ్చిన జవాబు ఎలుక కథ. పిల్లిని చూసి ఎలుక పారిపోతుంది. పిల్లి తన శత్రువన్న సత్యం దానికి తెలుసు కాబట్టి పారిపోతోందని చెప్పనక్కర్లేదు. పారిపోని ఎలుకలు మిగల్లేదు. సిద్ధాంతాల విషయమూ ఇంతే. ఫలించనివాటిని వదిలేస్తూ వచ్చాం, మన చేతిలో మిగిలినవి ఫలించినవే. ఇందులో అద్భుతమేముంది?

ప్రయోగశాల_నుంచి

తత్వశాస్త్రం నేను చదివింది తక్కువ. నా పని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో. టంగ్‌స్టన్ తీగను వేడి చేస్తే ఎలక్ట్రాన్లు వస్తాయి. వోల్టేజి పెట్టి తోస్తాం, అయస్కాంత కటకాలతో సన్నని కట్టగా చేస్తాం. చుట్టలో కరెంటు ఇంత మారిస్తే కట్ట ఎటు ఎంత జరుగుతుందో ముందే తెలుసు. వాక్యూమ్ చెడితే గాలి అణువులకు తగిలి చెదిరిపోతాయి. ఇన్ని చేసేది ఎలక్ట్రాన్లను చూడటానికి కూడా కాదు, వాటితో ఇంకేదో చూడటానికి. పనిముట్టుగా వాడుతున్నదాన్ని ఉందో లేదో అని అనుమానించడం నాకు చేతకావడం లేదు.

తత్వవేత్త ఇయాన్ హ్యాకింగ్ 1983లో ఇదే చెప్పాడు. స్టాన్‌ఫర్డ్‌లో క్వార్కుల కోసం నియోబియం గోళీ మీద విద్యుదావేశాన్ని కొలిచే ప్రయోగం జరుగుతుండేది. గోళీ మీది ఆవేశం ఎలా మారుస్తారని అడిగితే, పెంచడానికి పాజిట్రాన్లు (ఎలక్ట్రాన్ లాంటివే, ధనావేశం ఉన్నవి), తగ్గించడానికి ఎలక్ట్రాన్లు చల్లుతామన్నారట. చల్లగలుగుతున్నామంటే అవి ఉన్నట్టేనని ఆయన తేల్చాడు. ఎలక్ట్రాన్ గురించి ఏ సిద్ధాంతం నిజమన్నది వేరే ప్రశ్న. అది రేపు మారొచ్చు. ఎలక్ట్రాన్ ఉందన్నది మాత్రం మారదు.

సందేహి

ప్రయోగశాల గారూ, మీ చేతులు చేసిన పనిని నేను ఒక్క ముక్క కూడా కాదనను. ఈ మర ఇంత తిప్పితే తెర మీద మచ్చ అంత జరుగుతుంది. ఇది కంటికి ఆనిందే. "ఎలక్ట్రాన్లను తోశాను" అన్న వాక్యంలో మాత్రం సిద్ధాంతం ముందే దూరి ఉంది.

ప్రయోగశాల_నుంచి

మరి ఒకే రక్తకణంలోని ఒకే మచ్చలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోనూ, ప్రతిదీప్తి సూక్ష్మదర్శినిలోనూ ఒకే అమరికలో కనిపిస్తే? ఒకటి ఎలక్ట్రాన్లతో పనిచేస్తుంది, ఇంకొకటి కాంతితో. రెండు యంత్రాల భౌతికానికీ పొంతన లేదు. ఇదీ హ్యాకింగ్ ఇచ్చిన ఉదాహరణే. లేని మచ్చలను రెండూ ఒకేచోట ఎలా కల్పిస్తాయి?

తర్కం_పాఠకురాలు

ఈ తగువులో సగం మన ప్రమాణ శాస్త్రంలో, అంటే దేన్నైనా ఎలా తెలుసుకుంటామన్న చర్చలో, ముందే ఉంది. దేవదత్తుడు పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు. రాత్రి తింటున్నాడని అనుకోకపోతే ఈ రెండూ పొసగవు. మీమాంసకులు దీన్ని అర్థాపత్తి అన్నారు, వేరే ప్రమాణంగా లెక్కపెట్టారు. నైయాయికులు అక్కర్లేదు, ఇది అనుమానంలోనే, అంటే ఆనవాలును బట్టి ఊహించడంలోనే, ఇమిడిపోతుందన్నారు. ప్రత్యక్షాన్నే నమ్మే చార్వాకులైతే ఆ అనుమానాన్నే ఒప్పుకోలేదు. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న వ్యాప్తిని ఎవరు చూసి వచ్చారని అడిగారు.

పట్నం వాదం అర్థాపత్తే. సిద్ధాంతం ఫలిస్తోంది. అది నిజానికి దగ్గరగా ఉందనుకోకపోతే ఆ ఫలించడం పొసగదు.

సందేహి గారిని చార్వాకుడు అనడం సరికాదు. ఆయన పక్షాన న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. దేవదత్తుడి విషయంలో ఒక రాత్రి మేలుకుని కూర్చుంటే తేలిపోతుంది. అర్థాపత్తితో తెలుసుకున్నది ప్రత్యక్షానికి కూడా దొరికేదే. ఎలక్ట్రాన్ దగ్గర మేలుకుని కూర్చునే రాత్రి లేదు. కాబట్టి దేవదత్తుడి దగ్గర పనిచేసిన తర్కం ఎలక్ట్రాన్ దగ్గరా పనిచేస్తుందని పరీక్షించి చూసిన వాళ్లెవరూ లేరు.

ఇంకో చిక్కు. ఉన్న వివరణల్లో ఇదే మేలైనది కాబట్టి ఇదే నిజం అంటాం. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా. అసలైన వివరణ ఇంకా ఎవరి తలకూ తట్టలేదేమో. కైల్ స్టాన్‌ఫర్డ్ 2006లో పుస్తకమంతా దీని మీదే రాశాడు. ప్రతి తరంలోనూ మహామహులకు తట్టని ప్రత్యామ్నాయాలు ఉండేవనీ, తర్వాతి తరం వాటినే నమ్మిందనీ చరిత్ర నుంచి చూపిస్తాడు.

కొత్తగా_చదువుతున్నాను

క్షమించండి, ఒక ప్రశ్న. అణువులున్నాయో లేవో కూడా తేల్చలేకపోతే, ఏ సిద్ధాంతమైనా ఒకటేనా? ఎవరికి నచ్చింది వాళ్లు నమ్మొచ్చా?

సందేహి

కుదరదు. ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న, అడిగినందుకు సంతోషం. నా పక్షంలో కూడా సిద్ధాంతం పరిశీలనల ముందు నిలబడి తీరాలి. నేటి పరిశీలనలే కాదు, రేపటివి కూడా. ఆ పరీక్షలో నెగ్గే సిద్ధాంతాలు బహుకొద్ది. ఇక్కడ మేమంతా ఒప్పుకునే దూరం చాలా పెద్దది. తగువంతా దాని చివరి గజం గురించే.

చరిత్ర_పుట

నేనొక పక్షం తీసుకునే ముందు కెలోరిక్ కథ చెప్పాలి. ఇది తెలియకుండా పట్నం వాదాన్ని తూచలేం.

ఉష్ణం కెలోరిక్ అనే బరువులేని ద్రవమనీ, వేడి వస్తువు నుంచి చల్లని వస్తువులోకి పారుతుందనీ పద్దెనిమిదో శతాబ్దం చివర గట్టి నమ్మకం. లవోయిజర్ 1789లో ఇచ్చిన 33 మూలపదార్థాల పట్టికలో కాంతి, కెలోరిక్ మొట్టమొదట ఉంటాయి. ఆక్సిజన్ కంటే ముందు. మండే వస్తువుల్లో ఉంటుందనుకున్న ఫ్లోజిస్టన్‌ను పారద్రోలిన మనిషే ఆ పట్టిక రాశాడని గుర్తుంచుకోండి.

ఈ లేని ద్రవం ఎంత పని చేసిందో చూడండి. ధ్వని వేగానికి న్యూటన్ కట్టిన సూత్రం కొలత కంటే సుమారు 15 శాతం తక్కువ ఇచ్చేది. గాలి నొక్కుకుపోయినప్పుడు లోపల దాగిన కెలోరిక్ బయటపడి గాలిని వేడెక్కిస్తుందని, ఆ వేడి చల్లారేంత వ్యవధి ధ్వనికి ఉండదని లాప్లాస్ వాదించాడు. 1816లో ఆ దిద్దుబాటు ప్రకటించాడు. సరిపోయింది. ఇప్పుడు మనం పాఠాల్లో చెప్పే దిద్దుబాటు అదే, కెలోరిక్ మాత్రం తీసేశాం. 1824లో సాదీ కార్నో ఆవిరి యంత్రాన్ని నీటి మరతో పోల్చాడు. ఎత్తు నుంచి పల్లానికి నీరు పడ్డట్టు, వేడి నుంచి చల్లదనానికి కెలోరిక్ పడుతుంది, దారిలో ఏమాత్రం తరగదు, ఆ పడటంలోనే పని పుడుతుందన్నాడు. ఆదర్శ యంత్రం సామర్థ్యం ఆ రెండు ఉష్ణోగ్రతల మీదే ఆధారపడుతుందని తేల్చాడు. తేల్చినది నిజం. తేల్చిన దారిలో ఉన్న ద్రవం లేదు. తరగదన్నదీ తప్పే. పని పుట్టిన మేరకు ఉష్ణం తరుగుతుంది.

లారీ లాడన్ 1981లో ఇలాంటివన్నీ పోగేశాడు. ఫ్లోజిస్టన్, కెలోరిక్, కాంతిని మోసే ఈథర్, ఇంకా చాలా. అన్నీ తమ కాలంలో ఫలించినవే, వాటి నడిబొడ్డున ఉన్న వస్తువు మాత్రం లేదు. ఫలించడం నిజానికి గుర్తు అయితే ఇవన్నీ ఎలా ఫలించాయి? మన సిద్ధాంతాలు వాటికి భిన్నమని ఏ ధైర్యంతో అంటున్నాం?

వాస్తవికవాదుల్లో కిచర్, సైలోస్ లాంటివాళ్లు ఇచ్చిన జవాబు ఇది. సిద్ధాంతాన్ని గంపగుత్తగా నమ్మొద్దు, ఫలితాన్ని నిజంగా మోసిన భాగాలనే నమ్మమంటారు. లాప్లాస్ దిద్దుబాటులో పని చేసింది "నొక్కితే గాలి వేడెక్కుతుంది, వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు" అన్న భాగం. ద్రవమన్న ఊహ ఊరికే పక్కన నిలబడింది. అందుకే అది పోయినా ఫలితం పోలేదు.

జాన్ వొరల్ 1989లో ఇంకో దారి చూపించాడు, అంతకుముందు పొయంకరే చెప్పినదాన్ని పట్టుకుని. ఫ్రెనెల్ ఈథర్‌ను నమ్మి, కాంతి ప్రతిబింబించే మోతాదుకు సమీకరణాలు రాశాడు. మాక్స్‌వెల్ వచ్చాక ఆ సమీకరణాలు చెక్కుచెదరలేదు, ఈథర్ కంపనాల స్థానంలో విద్యుదయస్కాంత క్షేత్రాలు వచ్చి కూర్చున్నాయి. నిలిచేది సంబంధాల నిర్మాణం, పోయేది వస్తువుల స్వభావం గురించిన ఊహ అంటాడు. దీన్ని నిర్మాణ వాస్తవికవాదం అంటున్నారు. ఫ్రెనెల్ విషయంలో అందంగా కుదిరింది. కానీ సమీకరణాలు అలా యథాతథంగా బతికిన సందర్భాలు అరుదు. దాన్నే ప్రతిచోటా పరిచేయడానికి నేను సిద్ధంగా లేను.

నల్లబల్ల

చరిత్ర_పుట గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కార్నో దగ్గర నిజంగా ఆగిపోయాను. లాప్లాస్‌కు ఇచ్చిన జవాబు కార్నోకు అంత తేలిగ్గా కుదరదు కదా? తరగని ద్రవమన్న ఊహ ఆయన వాదానికి పక్కన నిలబడినట్టు లేదు, మధ్యలోనే ఉంది.

చరిత్ర_పుట

అవును, అక్కడ తేలిగ్గా కుదరదు. ఒప్పుకుంటున్నాను.

మీ విద్యార్థిని అడిగినదానికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది, ఇంకా గట్టిది. 1916లో సోమర్‌ఫెల్డ్ బోర్ వలయాలను దీర్ఘవృత్తాలు చేసి, వాటికి సాపేక్షత చేర్చి, హైడ్రోజన్ వర్ణపటంలో గీతలు సన్నగా చీలడానికి సూత్రం కట్టాడు. కొలతలతో సరిపోయింది. 1928లో డిరాక్ సమీకరణం నుంచి అదే శక్తి సూత్రం మళ్లీ వచ్చింది. సోమర్‌ఫెల్డ్‌కు స్పిన్ (ఎలక్ట్రాన్‌కు ఉండే, సొంత భ్రమణం లాంటి గుణం) తెలియదు, అది 1925 నాటి మాట. ఆయన లెక్కలో తరంగమూ లేదు. ఉన్నదల్లా కక్ష్యల్లో తిరిగే ఎలక్ట్రాన్. లేనిదాంతో సరైన జవాబు!

గణితం_గది

ఇక్కడ ఒక లెక్క చెప్పకపోతే చర్చ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. సంఖ్యలు నేను ఊహించినవి, ఉదాహరణ కోసమే.

వెయ్యి సిద్ధాంతాలు ఉన్నాయనుకోండి, వాటిలో నిజమైనవి పది. నిజమైనవన్నీ ఫలిస్తాయి. అబద్ధమైన 990లో నూటికి ఐదు మాత్రమే అదృష్టవశాత్తూ ఫలిస్తాయి, అంటే దాదాపు 50. ఫలించినవి మొత్తం 60. వాటిలో నిజమైనవి 10. అబద్ధపు సిద్ధాంతం ఫలించడం అరుదే అయినా, ఫలించిన సిద్ధాంతాన్ని పట్టుకుంటే అది అబద్ధమయ్యే అవకాశమే ఎక్కువ. ఇప్పుడు వెయ్యిలో నిజమైనవి 500 అనుకుని మళ్లీ లెక్కించండి. ఫలించినవి 525, వాటిలో 500 నిజం.

మొదట నిజమైనవి ఎన్ని ఉన్నాయన్న సంఖ్య లేకుండా పట్నం వాదం నిలవదు. అదే సంఖ్య లేకుండా లాడన్ వాదమూ నిలవదు. ఆ సంఖ్య ఎవరి దగ్గరా లేదు. మాగ్నస్, కాలెండర్ 2004లో ఇదే చూపించి, శాస్త్రమంతటినీ ఒక్క మూటగా కట్టి అడిగే టోకు ప్రశ్నలు వదిలేయమన్నారు. చిల్లరగా అడగాలి. ఎలక్ట్రాన్ ఉందా? ఈథర్ ఉందా? ఒక్కోదానికి దాని ఆధారం దానిదే.

నాకు ఇది చివరి మాటే అనిపిస్తుంది. ఇక మిగిలేది ఒక్కో కేసు.

కణం_లోపల

చిల్లరగా అడగడం ఎలా ఉంటుందో జీవశాస్త్రం నుంచి చెబుతాను. టి.హెచ్. మోర్గాన్ 1934లో తన నోబెల్ ఉపన్యాసంలో, జన్యువు నిజమైన వస్తువా, కేవలం కల్పనా అన్న విషయంలో జన్యుశాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదనీ, తమ ప్రయోగాల స్థాయిలో దానివల్ల రవ్వంత తేడా కూడా రాదనీ అన్నాడు. అప్పటికి ఆయన శిష్యుడు స్టర్టెవంట్ జన్యువుల వరసను పటంగా గీసి 21 ఏళ్లు. పటం ఉంది, పటంలోని ఊరు ఉందో లేదో తేలలేదు.

1944లో ఆస్వాల్డ్ ఎవరీ బృందం డీఎన్ఏ వైపు వేలు చూపించింది, 1953లో దాని జంట మెలిక నిర్మాణం తేలింది. అక్కడి నుంచి జన్యువును కత్తిరించడం, అతికించడం, చదవడం. 1934లో సందేహి గారి వైఖరే సబబు. అదే వైఖరి ఈరోజు డీఎన్ఏ గురించి పట్టుకుని కూర్చుంటే సబబని నాకనిపించదు. ఆధారం పేరుకున్నకొద్దీ మాట మారాలి కదా? కంటికి ఆనని వస్తువన్న ఒక్క కారణంతో 1934కీ ఈరోజుకీ తేడా లేదనే సిద్ధాంతం, శాస్త్రంలో అసలు జరిగినదాన్ని పట్టుకోలేకపోతోంది.

సందేహి

కణం గారి మాట నన్ను నిజంగా ఇరుకున పెట్టింది. తేడా ఉంది. ఆ తేడాను నేను "జన్యు సిద్ధాంతం ఇప్పుడు చాలా ఎక్కువ పరిశీలనలను పట్టుకుంటోంది" అని చెప్పగలను. ఆ వాక్యం సరిపోదని మీకనిపిస్తుందని తెలుసు.

నల్లబల్ల

ఈ నాలుగు రోజుల్లో పెరాన్ గురించి మళ్లీ చదివాను. సోమర్‌ఫెల్డ్ కథ పక్కన పెరాన్ కథ పెట్టి చూస్తే నాకు ఒక దారి కనిపిస్తోంది. తప్పైతే దిద్దండి.

1900 ప్రాంతంలో అణువులను నమ్మని రసాయన శాస్త్రజ్ఞులు మామూలు మనుషులు కారు. ఓస్ట్‌వాల్డ్ వాళ్లలో పెద్ద. అణువు లెక్కకు పనికొచ్చే ఊహే అనేవాడు. నీటిలో సన్నని రేణువులు అటూ ఇటూ కదలడమే బ్రౌనియన్ చలనం, 1905లో ఐన్‌స్టైన్ దానికి సూత్రం ఇచ్చాడు. 1908 నుంచి జాన్ పెరాన్ గాంబోజ్ అనే బంక నుంచి ఒకే సైజు రేణువులు వేరుచేసి, నీటిలో అవి ఎత్తు పెరిగేకొద్దీ ఎలా పలుచబడతాయో సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టాడు. అందులోంచి అవగాడ్రో సంఖ్య, అంటే ఒక మోల్ పదార్థంలో ఎన్ని అణువులుంటాయన్నది, తీశాడు.

అక్కడితో ఆగి ఉంటే అది సోమర్‌ఫెల్డ్ లాంటి విజయమే. ఆగలేదు. 1913 పుస్తకంలో అదే సంఖ్యకు పదమూడు దారులు పట్టిక వేశాడు. వాయువుల జిగట, ఆకాశపు నీలిరంగు, వేడి వస్తువుల వికిరణం, అయాన్ల ఆవేశం, రేడియోధార్మిక పదార్థం నుంచి పోగయ్యే హీలియం. ఆకాశం నీలంగా ఉండటానికీ రేడియం చిమ్మే హీలియానికీ ఏం చుట్టరికం? అయినా అన్ని దారులూ 6 పక్కన 23 సున్నాల చుట్టుపక్కలకే వచ్చి ఆగాయి. పుస్తకం రాకముందే, 1909లోనే ఓస్ట్‌వాల్డ్ అణువును ఒప్పుకున్నాడు.

సోమర్‌ఫెల్డ్ దారి ఒక్కటే. హైడ్రోజన్ దాటి హీలియానికి వెళ్తే ఆ కక్ష్యలు చేతులెత్తేశాయి. ఒక్క దారిలో రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోగలవు. పదమూడు దారుల్లో పదమూడు జతల తప్పులు, ఒక్కోటి వేరే తీరులో, అన్నీ ఒకే సంఖ్య దగ్గర కొట్టేసుకోవాలంటే అప్పుడు నాకు పట్నం అన్న అద్భుతం అర్థమవుతోంది. ఆ మాట శాస్త్రమంతటికీ సరిపోదు, గణితం గారు చెప్పింది నిజం. ఈ ఒక్క చోట మాత్రం సరిపోతుంది.

తర్కం_పాఠకురాలు

ఇది దేవదత్తుడికి కూడా వర్తిస్తుంది. లావుగా ఉండటం ఒక్కటే అయితే జబ్బు కావచ్చు, వాపు కావచ్చు. ఉదయం గిన్నెలు అంటి ఉన్నాయి, ధాన్యం తరిగింది, పొయ్యి వెచ్చగా ఉంది. అప్పుడు మేలుకుని కూర్చోకపోయినా పరవాలేదు. నేను ముందు చెప్పిన అభ్యంతరంలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

సందేహి

దారులు వేరని ఎలా తెలుసు? అన్నిటిలోనూ పదార్థం గింజలు గింజలుగా ఉందన్న ఊహ ముందే ఉంది. గింజలున్నాయనుకుని లెక్క వేస్తే గింజల సంఖ్య వస్తుంది.

గణితం_గది

సంఖ్య అయితే వస్తుంది, సందేహి గారూ. ఒకే సంఖ్య ఎందుకు రావాలి? గింజలు లేకపోతే పదమూడు దారులకూ పదమూడు వేర్వేరు సంఖ్యలు రావడానికి అడ్డేమీ లేదు. అన్ని దారుల్లోనూ ఉన్న ఊహ, అన్నిటినీ ఒకచోటికి రమ్మని ఒత్తిడి చేయలేదు.

చరిత్ర_పుట

ఇంతవరకూ బాగుంది. కానీ ఇవన్నీ జరిగిపోయాక చెప్పుకుంటున్న కథలు. ఏది మోసిన భాగం, ఏది ఊరికే నిలబడిన భాగం అన్నది మనకు ఇప్పుడు తెలుసు కాబట్టి తేలిగ్గా వేరుచేస్తున్నాం. లవోయిజర్‌ను 1789లో అడిగితే కెలోరిక్ పక్కన నిలబడిందని అనేవాడా?

ముందే చెప్పాల్సి వచ్చినప్పుడు ఎంత కష్టమో ఖగోళ శాస్త్రజ్ఞుడు లవెరియే జీవితం చెబుతుంది. యురేనస్ దారి తప్పుతోంది, కనిపించని గ్రహమేదో లాగుతోందన్నాడు. 1846 సెప్టెంబర్ 23న బెర్లిన్‌లో గాలే చూస్తే, చెప్పిన చోటుకు ఒక డిగ్రీ లోపల నెప్ట్యూన్ ఉంది. తర్వాత బుధుడు దారి తప్పుతున్నాడని లెక్క తేల్చి, 1859లో అదే మనిషి అదే తర్కంతో సూర్యుడి దగ్గర ఇంకేదో ఉండాలన్నాడు. ఆ ఊహకు వల్కన్ అని పేరు కూడా పెట్టారు. ఏళ్ల తరబడి వెతికారు. లేదు. శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల ఆ తేడాకు గ్రహం అక్కర్లేదని, గురుత్వ సిద్ధాంతాన్నే మార్చి 1915లో ఐన్‌స్టైన్ చూపించాడు.

ఇప్పుడు డార్క్ మ్యాటర్ ముందు, అంటే కనిపించకుండా గెలాక్సీలను లాగుతోందనుకునే పదార్థం ముందు, మనం అక్కడే నిలబడి ఉన్నాం. నెప్ట్యూనా, వల్కనా?

ప్రయోగశాల_నుంచి

నా కొలబద్దతో చూస్తే ఇంకా ఒట్టు వేయను. గెలాక్సీలు తిరిగే వేగం, గెలాక్సీ గుంపుల దగ్గర కాంతి వంగడం, విశ్వం తొలి వికిరణంలోని ముడతలు. దారులు చాలానే ఉన్నాయి, అందుకే గురుత్వాన్ని మార్చి సరిపెట్టే ప్రయత్నాలు అన్ని చోట్లా ఒకేలా కుదరడం లేదు. కానీ ఆ దారులన్నీ గురుత్వమనే ఒక్క గుమ్మంలోంచే వస్తున్నాయి. ఆ కణాన్ని నేరుగా పట్టుకున్నామని ఎవరూ ఇంకా నిలకడగా చూపించలేదు. ఉందని నా మొగ్గు. చల్లగలిగిన రోజున ఒట్టు వేస్తాను.

నల్లబల్ల

ఈరోజు తరగతిలో చెప్పాను. మీరంతా రాసినది దగ్గర పెట్టుకునే వెళ్లాను.

మొదట బోర్ వలయాలు ఎందుకు ఫలించాయో చెప్పాను. శక్తి మెట్లు మెట్లుగా ఉంటుందన్న భాగం పని చేసింది, అది ఈనాటికీ ఉంది. గుండ్రంగా తిరగడం అన్న భాగం పోయింది. జె.జె. థామ్సన్ 1897లో ఎలక్ట్రాన్ కణమని చూపించి 1906లో నోబెల్ తీసుకున్నాడు, ఆయన కొడుకు జి.పి. థామ్సన్ అదే ఎలక్ట్రాన్ తరంగంలా వివర్తనం చెందుతుందని చూపించి 1937లో తీసుకున్నాడు. ఇద్దరూ మాట్లాడింది ఒకే ఆవేశం, ఒకే ద్రవ్యరాశి ఉన్నదాని గురించే. తర్వాత పెరాన్ పదమూడు దారులు చెప్పాను. కార్నో గురించి కూడా దాచకుండా చెప్పాను.

ఆ అమ్మాయి అంతా విని అడిగింది: "అయిపోయాక ఏది నిలిచిందో ఎవరైనా చెబుతారు సార్. ఇప్పుడు మీరు గీసిన మబ్బులో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది? ముందే చెప్పండి."

చరిత్ర_పుట గారు, మీ ప్రశ్నే. మీరు రాసినది నేను తనకు చూపించలేదు.

బల్లను రెండుగా గీశాను. నిలుస్తాయని ఒకవైపు రాశాను: ఆవేశం, ద్రవ్యరాశి, సగం స్పిన్, శక్తి మెట్లు, ఒక ఆర్బిటాల్‌లో ఇద్దరికి మించి చోటు లేకపోవడం. రెండోవైపు, పోయినా ఆశ్చర్యపోననివి: ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్ నిజంగా పొగలా పరుచుకుని ఉండటం అన్న బొమ్మ, ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఒక్కో ఆర్బిటాల్ సొంతమన్న మాట, కొలవక ముందు అది ఎక్కడుందన్న ప్రశ్నకు అర్థం ఉందో లేదో అన్న సంగతి. తరంగ ప్రమేయం, అంటే ఎలక్ట్రాన్ స్థితిని చెప్పే గణిత సూత్రం, ఎటువైపు రాయాలో తేల్చుకోలేక సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చివరికి గీత మీద రాశాను.

తను మొత్తం నోట్సులో దించుకుని, పైన ఈరోజు తేదీ వేసుకుంది.